ఆకలి లేనివారి ఉపవాసము

2025 పర్యుషణ పర్వము ముగిసిన నాడు మా యింట జరిగిన యొక సంగతి ఈ వ్యాసమునకు మూలము. మా తమ్ముని కోడలు ఇరువది తొమ్మిదేండ్ల పిల్ల. ఆ యేడు తొలిసారిగా అఠాయి చేసినది. ఎనిమిది దినములు ఆహారము సర్వము మాని, పగటిపూట కాచి చల్లార్చిన నీటితో మాత్రమే గడపినది. ఎనిమిదవ నాటికి గూడ ముఖమున వాడుదల లేదు. ఎప్పటివలె ఇంటి పనులలో తిరుగుచునే యున్నది. పారణము నాడు బంధువులందరు వచ్చిరి, శాలువ కప్పిరి, "మొదటిసారికే ఇంత నిబ్బరమా!" యని మెచ్చుకొనిరి. నేనును నలుగురిలో నిలిచి రెండు మాటలు పొగడితిని.

ఆ సాయంకాలము నేను అంగడి మూసి వచ్చి వసారాలో కూర్చుండగా ఆ పిల్ల వచ్చి, తలుపు చాటున నిలిచి, మెల్లగా ఇట్లనినది: "పెదమామయ్యగారూ, మిమ్మల్నొక మాట అడగాలి. నేను నాలుగు నెలలుగా బరువు తగ్గడానికి వారానికొక ఇంజెక్షను వేసుకుంటున్నాను. అది మొదలుపెట్టాక నాకు ఆకలన్నదే తెలియడం లేదు. ఈ ఎనిమిది రోజులూ నాకేమీ కష్టం కాలేదు. అందరూ పొగుడుతుంటే తలెత్తలేకపోయాను. నేను చేసింది ఉపవాసమేనా?"

నాకు వెంటనే ఉత్తరము తోచలేదు. "ఆలోచించి చెబుతానమ్మా" అంటిని. ఆలోచించుటకు నాకు చాల కాలము పట్టినది. ఆమె యనుమతితోనే ఈ సంగతిని మన సంచికలో వ్రాయుచున్నాను. ఇది మా యింటి సంగతి మాత్రమే కాదని నాకు తరువాత తెలిసినది.

మొదట ఈ మందు ఎట్టిదో తెలిసికొనుట అవసరము. తెలియని దానిని పొగడుటయు తప్పే, నిందించుటయు తప్పే.

మనము భోజనము చేసినప్పుడు ప్రేగులలోని కొన్ని కణములు జీఎల్‌పీ-1 అను హార్మోనును రక్తములోనికి విడుచును. అది ఇన్సులిను ఊరునట్లు చేయును. పొట్ట తొందరగా ఖాళీ కాకుండ ఆపును. మెదడునకు "ఇక చాలు" అను కబురు చేర్చును. కాని యీ కబురు తెచ్చు వాని ఆయువు సుమారు రెండు నిమిషములే. ఇంతకంటె ఎక్కువ కాలము నిలుచు దానిని కనుగొనవలెనని శాస్త్రజ్ఞులు వెదకుచుండగా, 1992లో న్యూయార్కు నగరమున జాన్ ఇంగ్ అను వైద్యుడు గిలా మాన్‌స్టర్ అను ఎడారి బల్లి విషములో దీనిని పోలిన పదార్థమును కనుగొన్నట్లు ప్రకటించెను. దాని ననుసరించి కృత్రిమముగా తయారు చేసిన ఎక్సెనటైడు అను మందునకు 2005లో అమెరికాలో మధుమేహ చికిత్సకై అనుమతి లభించినది. తరువాత లిరాగ్లుటైడు, సెమాగ్లుటైడు, టిర్జెపటైడు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. సెమాగ్లుటైడు ఒక్క మోతాదు వారము పొడుగున పనిచేయును. 2017లో అది మధుమేహమునకు, 2021లో బరువు తగ్గించుటకు అమెరికాలో అంగీకరింపబడినది. మన దేశమున 2025 మార్చిలో మౌంజారో పేరుతో టిర్జెపటైడు, జూన్‌లో వెగోవీ పేరుతో సెమాగ్లుటైడు అమ్మకమునకు వచ్చినవి.

బల్లి మాట వినగానే మన పాఠకులకు ఒక శంక కలుగును. ఈ మందుకొరకు ప్రాణులను చంపుచున్నారా యని. నేడు ఈ మందులకై ఏ బల్లిని పట్టుట లేదు. సెమాగ్లుటైడు తయారీకి ఈస్టు కణముల సాయము తీసికొందురు. టిర్జెపటైడును రసాయనశాలలో కూర్చెదరు. అయినను మనుష్యులకు ఇచ్చుటకు ముందు వీనిని ఎలుకలపై పరీక్షించినారు. తక్కిన ఆధునిక ఔషధములన్నిటి వలెనే దీని ఖాతాలోను ఆ ఋణము కలదు. దానిని దాచి చెప్పుట న్యాయము గాదు.

ఫలము మాట కూడ చెప్పవలెను. 2021లో ప్రకటింపబడిన పరీక్షలో 1,961 మంది పాల్గొనిరి. 68 వారములు సెమాగ్లుటైడు వాడినవారికి సగటున నూటికి 14.9 వంతుల బరువు తగ్గినది. ఉత్తుత్తి సూది వేసికొన్నవారికి 2.4 వంతులే తగ్గినది. మరుసటి సంవత్సరము టిర్జెపటైడు పెద్ద మోతాదుతో 72 వారములలో 20.9 వంతులు తగ్గినట్లు తేలినది. 2023లో వచ్చిన ఇంకొక పరీక్ష వీనికంటె ముఖ్యమైనది. అందు మధుమేహము లేకున్నను అధిక బరువును, గుండె లేక రక్తనాళముల జబ్బును గల 17,604 మందిని చూచిరి. గుండెపోటు, పక్షవాతము, గుండెజబ్బు చావులు మొత్తము మీద నూటికి 20 వంతులు తక్కువైనవి. కావున దీనిని సోకులరాయుళ్ల మందని కొట్టివేయుటకు వీలు లేదు.

అయినను బరువు తగ్గించు మందుల చరిత్ర తెలిసినవాడు ఒక్క నిమిషము ఆగి ఆలోచించును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సులోని మందుగుండు కర్మాగారములలో డైనైట్రోఫినాలు అను పదార్థముతో పనిచేసిన కూలీలు జ్వరము వచ్చినట్లు వేడెక్కి, చెమటలు పట్టి, చిక్కిపోవుట కనబడినది. 1933లో అమెరికా శాస్త్రజ్ఞులు దానినే బరువు తగ్గించు మందుగా ప్రకటించిరి. వైద్యుని చీటీ లేకయే జనులు కొని మింగిరి. కొందరికి కండ్లలో శుక్లములు వచ్చినవి. కొందరు ఒంటి వేడిమి చల్లారక మరణించిరి. 1938లో అమెరికాలో క్రొత్త ఔషధశాసనము వచ్చిన పిదప దాని వాడుక ఆగినది. 1965లో స్విట్జర్లండు, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీ దేశములలో అమినోరెక్సు వచ్చినది. ఊపిరితిత్తుల రక్తనాళములలో ఒత్తిడి పెంచి ప్రాణము తీయుచున్నదని తెలిసి 1968లో దానిని తొలగించిరి. 1996లో అమెరికాలో ఫెన్‌ఫ్లురమిను, ఫెంటెర్మిను అను మందులకు వ్రాసిన చీటీలు 1.8 కోట్లకు మించినవి. 1997 జూలైలో మేయో క్లినిక్ వైద్యులు ఆ రెండును కలిపి వాడిన 24 మంది స్త్రీల గుండె కవాటములు చెడియుండుటను వెల్లడించిరి. సెప్టెంబరు నాటికి ఫెన్‌ఫ్లురమిను అంగళ్లనుండి మాయమైనది. 2006లో ఐరోపాలో వచ్చిన రిమోనబంటు మనోవ్యాకులత కలిగించుచున్నదని రెండేండ్లకే ఆపివేసిరి. సిబుట్రమిను గుండెకు చేటని 2010లో అమెరికాలోను, 2011లో మన దేశములోను నిలిచిపోయినది.

ఈ కథలన్నిటిలోను మందులు వేరు, మనుష్యుడు ఒక్కడే. వానికి ఓపిక లేదు. ఇరువది యేండ్లలో పెరిగిన పొట్ట ఇరువది వారములలో పోవలెనని కోరును.

నేటి మందుకు పాత మందులకు భేదము లేకపోలేదు. 2005 నుండి ఈ జాతి మందులను మధుమేహ రోగులు వాడుచున్నారు. పెద్ద పరీక్షలు జరిగినవి. 2025 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీనిని ఆవశ్యక ఔషధముల పట్టికలో చేర్చినది. అయినను దోషములు కలవు. వాంతులు, వికారము, విరేచనములు, మలబద్ధము అందరెరిగినవే. పిత్తాశయములో రాళ్లు ఏర్పడవచ్చును. అరుదుగా క్లోమము వాచవచ్చును. వాంతుల వలన ఒంటిలో నీరు తగ్గి మూత్రపిండములకు దెబ్బ తగులవచ్చును. క్రొవ్వుతో పాటు కండ కూడ కరగును. ఎలుకలలో థైరాయిడు కణితులు కనబడినందున, వంశములో మెడల్లరీ థైరాయిడు కాన్సరు ఉన్నవారికి ఈ మందు ఇయ్యరాదని హెచ్చరించుచున్నారు. సెమాగ్లుటైడు వాడువారిలో పదివేలమందికి ఒకరి వరకు కంటి నరమునకు రక్తము అందక చూపు దెబ్బతినవచ్చునని 2025 జూన్‌లో ఐరోపా ఔషధ సంస్థ తేల్చినది.

ఇక అమ్మకము సంగతి. వ్యాపారస్థుడనగుటచే ఇది నాకు కొంత తెలియును. సరకు అమ్ముటకు రెండు మార్గములు కలవు: ఉన్న అవసరమును తీర్చుట యొకటి, లేని అవసరమును పుట్టించుట రెండవది. 1954లో మన పార్లమెంటు చేసిన అభ్యంతరకర ప్రకటనల చట్టమున ఏ యే రోగములకు మందు కలదని ప్రకటింపరాదో ఒక పట్టిక కలదు. అందు స్థూలకాయము ఒకటి. డెబ్బది యేండ్ల క్రిందటనే మన పెద్దలు ఈ సిగ్గును సొమ్ము చేసికొనువారుందురని గుర్తించిరన్న మాట. అమెరికాలో నట్లు గాదు. 1997 నుండి నియమములు సడలి, చీటీ మందులను సైతము టెలివిజనులో పాటలు కట్టి అమ్ముచున్నారు. మన దేశమున పేరు పెట్టి ప్రకటింపరాదు గనుక, "స్థూలకాయము ఒక వ్యాధి, మీ వైద్యుని అడుగుడు" అని పేరు లేని ప్రకటనలు వచ్చుచున్నవి. అందలి మాట నిజమే. చెప్పుటలోని ఆంతర్యము వేరు. ఈ గిరాకీని చూచి దొంగ సరకు కూడ బయలుదేరినది. కల్తీ సెమాగ్లుటైడు తిరుగుచున్నదని 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది.

ఇన్నాళ్లు వెల యొక యడ్డుగోడగా నుండెను. 2025లో మౌంజారో తొలి మోతాదు సీసా 3,500 రూపాయలకు వచ్చినది. వారమునకొకటి చొప్పున నాలుగు వారములకు 14,000. కాని సెమాగ్లుటైడు మీది పేటెంటు గడువు మన దేశమున 2026 మార్చి వరకే. మన హైదరాబాదు కంపెనీయైన డాక్టర్ రెడ్డీస్ దానిని తయారు చేసి, పేటెంటు లేని దేశములకు ఎగుమతి చేసికొనవచ్చునని 2025 డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు చెప్పినది. గడువు తీరి, చేయువారు పెరిగిన కొలది వెల దిగుట వ్యాపారధర్మము. అప్పుడు కొనుటకు సొమ్ము కలదా యను ప్రశ్న చిన్నదై, కొనుట తగునా యను ప్రశ్న ప్రతి యింటికి వచ్చును.

మా బట్టల అంగడిలో నలుబది యేండ్లుగా నేను చూచుచున్న దొకటి కలదు. కొందరు ఆడపడుచులు జాకెట్టు గుడ్డ కొనునప్పుడు ప్రక్కవారికి వినబడకుండ "ఇంకొక పావు మీటరు" అని గొణుగుదురు. అన్నిటికి గట్టిగా బేరమాడువారు ఆ యొక్క మాటకు గొంతు తగ్గింతురు. ఆ గొణుగుడే నేడు కంపెనీలకు పెట్టుబడి. ఆ సిగ్గును వారు పుట్టించలేదు. మనమే పుట్టించినాము. ఈ మాట చెప్పుటకు నాకు గల అధికారము నా తప్పే.

మా అక్కయ్య ఆదోనిలో నున్నది. నాకంటె అయిదేండ్లు పెద్ద. ఇరువది యేండ్లుగా మధుమేహము, మోకాళ్ల నొప్పులు. ఆమె ఏటేట రెండు మారులు ఆయంబిల్ వ్రతము పట్టును. నూనె, నేయి, పాలు, పెరుగు, బెల్లము లేని ఉడికిన ధాన్యము రోజున కొక్క పూట తినును. అయినను ఆమె బరువు 92 కిలోలు. నేను సన్నగా నుందును. ఎన్నడును బరువు తూచుకొన్నవాడను గాను. ఒక పెండ్లి పంక్తిలో అందరి యెదుట, "అక్కయ్యా, నీ తపస్సంతా ఎక్కడికి పోతోందే?" అంటిని. అందరు నవ్విరి. ఆమెయు నవ్వినది. ఆ తరువాత ఆమె పంక్తిలో కూర్చుండుట మానినది. "నడుము నొప్పి, తరువాత తింటాను" అనెడిది. పదునైదేండ్లు ఆ నడుము నొప్పిని నేను నమ్మితిని.

కొంతకాలము క్రిందట ఆమె వైద్యుడు చక్కెర తగ్గుటకై ఇదే జాతి మాత్రను వ్రాసి యిచ్చెను. సంవత్సరములో పది కిలోలు తగ్గినది. చక్కెర అదుపునకు వచ్చినది. గుడి మెట్లు తానే యెక్కుచున్నది. నేను చూడబోయినప్పుడు ఒక మాట చెప్పినది. "తమ్ముడూ, నీకెంత సుఖంగా ఉండేదో నాకిప్పుడు తెలిసిందిరా. నువ్వు కంచం ముందు నుంచి లేస్తే లేచినట్టే. నేను లేచినా నా మనసు అక్కడే కూర్చుని ఉండేది. ఇన్నేళ్లూ అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా సన్నదనమును నేను నిగ్రహమనుకొంటిని. అది నిగ్రహము గాదు. నాకు దేహము ఆ కబురును ఉచితముగా, వేళకు చేర్చుచుండెను. అక్కయ్యకు చేర్చలేదు. ఆమె ప్రతిదినము యుద్ధము చేసి, సగము గెలిచి, సగము ఓడి, లావుగా కనబడినది. నేను యుద్ధమే లేక సన్నగా కనబడితిని. తక్కెడ దేహపు బరువును చూపునే గాని ఎవరు ఎంత కోరికను మోయుచున్నారో చూపదు. ఈ మందు వలన నాకు కలిగిన మేలు ఇది: సన్నని వాని గర్వమునకు ఆధారము లేదని తెలిసినది.

అట్లయిన యెడల ఎవరికిని బాధ్యత లేదా యని కొందరడుగుదురు. ఉన్నది. ఆకలి యెంత పుట్టవలెనో మన చేతిలో లేదు. అంగడి గద్దె మీద ఉదయము నుండి రాత్రి దాక కదలకుండుట, పిల్లల చేతికి వేపుడు పొట్లములు అందించుట, విందులో వద్దన్న వారి కంచములో బలవంతముగా మిఠాయి వడ్డించుట మన చేతిలో నున్నవి. చేతిలో నున్నంతవరకే బాధ్యత. ఎదుటివాని చేతిలో ఎంత యున్నదో మనకు తెలియదు గనుక తీర్పు చెప్పరాదు.

ఇక మా తమ్ముని కోడలి ప్రశ్నకు వచ్చెదను.

తపస్సనగా ఇచ్ఛను నిరోధించుట యని మన పెద్దలు చెప్పుదురు. అనశనము, అవమౌదర్యము, రసపరిత్యాగము మొదలైన బాహ్య తపస్సులన్నియు దానికి సోపానములు. ఇచ్ఛయే లేని యెడల నిరోధింపబడినది ఏమి? జ్వరరోగికి అన్నము సయింపదు; వాడు తపస్వి గాడు. పేదవానికి అన్నము దొరకదు. వాడును ఉపవాసి గాడు. మన దేశమున 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో వయోజన స్త్రీలు నూటికి 24 మంది ఉండవలసినదానికంటె ఎక్కువ బరువున్నారు, 18.7 మంది ఉండవలసినంత లేరు. తమిళనాడులో ఎక్కువ బరువున్న స్త్రీలు 40.4, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. ఒకే సర్వేలో ఒకరు ఆకలిని అణచుటకు సొమ్మిచ్చుచున్నారు. ఒకరు అణచుకొనలేని ఆకలితో పండుకొనుచున్నారు. తినకుండుట మాత్రమే తపస్సైన యెడల ఆ రెండవవారందరు మహాతపస్వులు కావలెను.

కావున ఉపవాసమునకు మూడు కావలెనని నాకు తోచినది. తానుగా కోరి మానుట, మంచి సంకల్పము, మానుటలో కొంత మూల్యము చెల్లించుట. ఆ పిల్లకు మొదటి రెండు కలవు, మూడవది కొరవడినది. అది బూటకము గాదు, పూర్తియు గాదు.

ఇందుకొక ఆక్షేపణ రావచ్చును. చిరకాల సాధన చేసిన మునికి గూడ ఆకలి బాధింపదు గదా. అతని ఉపవాసము తక్కువదా యని. ఇది గట్టి ఆక్షేపణ. దీనికి సమాధానము మన వ్యాపార భాషలోనే దొరకినది. ముని నెమ్మది ఆర్జించినది. సూది నెమ్మది అప్పు తెచ్చినది. సెమాగ్లుటైడు పరీక్షలో మందు ఆపిన సంవత్సరములోపల, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మరల వచ్చినది. అప్పు ఇచ్చినవాడు తిరిగి తీసికొన్నాడు. సాధన వలన వచ్చినది అట్లు పోదు. పైగా ఒక కోరికను జయించిన వానికి రెండవ కోరిక నెదుర్కొను బలము కలుగును. సూది నోటికోరికను అణచును. అందరు తనను చూచి మెచ్చవలె నను కోరికను తాకనైన తాకదు, పలుమారు పెంచును.

ఐతే అప్పు తెచ్చుట పాపమా? కాదు. రోగముతో పడిపోయినవానికి అప్పు ప్రాణము నిలుపును. అప్పు దొరకిన కాలములో ఇల్లు చక్కబెట్టుకొన్నవాడు బుద్ధిమంతుడు. మా అక్కయ్య చేసినది అదియే. ఆమె తెచ్చినది వైద్యుడు చూచి, రోగమునకై, లెక్క వ్రాసి ఇచ్చిన అప్పు. మా కోడలిది అట్టిది గాదు. ఆమె బరువు 68 కిలోలు, రోగము లేదు. ఎత్తును బట్టి లెక్కించిన బీఎంఐ 30 అయినను, లేక 27తో పాటు దాని వలని రోగమున్నను ఈ మందు ఇయ్యవచ్చునని నియమము. ఆమెది 27కు లోపే. మరదలి పెండ్లి ఫొటోలలో సన్నగా కనబడవలెనని, తెలిసినవారి ద్వారా చీటీ లేకయే తెప్పించుకొన్నది. పెండ్లి ముగిసినను సూది ఆగలేదు.

మేమందరము మెచ్చుకొన్న ఆమె నిబ్బరములో ఇంకొక అపాయము దాగియున్నది. ఆకలి శత్రువు మాత్రమే గాదు, కావలివాడు కూడ. దేహములో నీరు, సత్తువ తగ్గినప్పుడు కేక వేయుట వాని పని. ఆ కేక వినబడకుండ చేసికొని, రాత్రి నీరు కూడ ముట్టక ఎనిమిది దినములుండుట మూత్రపిండములకు ప్రమాదము. మధుమేహమునకు ఇన్సులినుతోనో, చక్కెర దింపు కొన్ని పాత మాత్రలతోనో కలిపి ఈ మందు వాడువారికి చక్కెర పడిపోవు భయము కూడ కలదు. ఆమెకు హాని కలుగకపోవుట మా అదృష్టము. ఆ అదృష్టమునకే మేము శాలువ కప్పితిమి.

నేను ఆమెతో మూడు మాటలు చెప్పితిని. "నువ్వు తినలేదు, అబద్ధమాడలేదు, కాబట్టి దోషమని కుమిలిపోకు. మేము పొగిడిన పొగడ్త మాత్రం నీది కాదు. అది నీ దగ్గర ఉంచుకోవద్దు. ముందు డాక్టరుకు చూపించు." ఆ పిల్ల వైద్యునికి చూపి, ఆయన చెప్పినట్లు మందు మానినది. తరువాత స్త్రీల ప్రతిక్రమణము నాడు పదిమందిలో తానే ఈ సంగతి చెప్పినది. ఇద్దరు ముగ్గురు మొగము త్రిప్పుకొనిరట. మరునాడు ఒకామె ఇంటికి వచ్చి, తలుపు వేసి, "నేనూ వేసుకుంటున్నానమ్మా, ఈసారి వర్షీతపం పట్టాలనుకున్నాను, ఎవర్నడగాలో తెలియలేదు" అనినదట. ఆ వారములో మరి ఇద్దరు వచ్చిరట.

పొగడ్తను తిరిగి ఇచ్చివేయుట ఆకలిని ఓర్చుట కంటె సులభమని నేననుకొనను. ఆమె ఉపవాసములో కొరవడిన మూల్యము ఆనాడు చెల్లినదని నా నమ్మకము. ఇది నా అభిప్రాయమే. పెద్దలు తప్పనిన యెడల దిద్దుకొందును.

ఈ సందర్భమున సంఘ పెద్దలకు ఒక మనవి. దీర్ఘోపవాసమునకు ప్రత్యాఖ్యానము ఇచ్చుటకు ముందు "ఏమైనా మందు వాడుచున్నావా?" అని ఏకాంతమున నొక మాట అడుగుడు. వాడుచున్న యెడల వైద్యుని మాట తెలిసిన పిదపనే వ్రతము పట్టింపుడు. దినములు లెక్కించి శాలువలు కప్పుట తగ్గింపుడు. లెక్కించుచున్నంత కాలము లెక్క కొరకు చేయువారుందురు. విందులలో లావుగా నున్నవారి కంచము వైపు చూచుట మానుడు. ఈ చివరి మాట ముఖ్యముగా నా వంటి వారికే.

బరువు కొంత తిరిగి వచ్చినదని మా కోడలు చెప్పినది. మొన్న ఒక్కనాడు ఆయంబిల్ చేసినది. మధ్యాహ్నము దాటునప్పటికి తలనొప్పి, నీరసము; సాయంకాలమునకు మూల నొక చాప వేసికొని పండుకొన్నది. నేను పలకరింపగా కన్నులు మూసికొనియే నవ్వి, "ఈసారి తెలుస్తోంది పెదమామయ్యగారూ" అనినది.

ఇక నా బాకీ యొకటి మిగిలినది. ప్రతి సంవత్సరి నాడు అక్కయ్యకు ఫోను చేసి "మిచ్ఛామి దుక్కడం" అని చెప్పుట నాకలవాటు. ఎందులకు క్షమింపుమని అడుగుచున్నానో ఎన్నడును తలచి చెప్పలేదు. ఈ వ్యాసమునకు కలము పట్టుటకు ముందు ఆదోని బస్సెక్కి పోయి, ఆమె యెదుట కూర్చుండి, ఆ పెండ్లి పంక్తి మాట ఎత్తి, చేతులు జోడించి చెప్పితిని. ఆమె కొంతసేపు ఏమియు అనలేదు. తరువాత, "ఇదేమిట్రా, సంవత్సరి ఇంకా రాలేదుగా!" అనినది.

"అంతదాకా ఆగడం దేనికిలే అక్కయ్యా" అంటిని.

ఆ పూట ఇద్దరము ఒకే పంక్తిలో కూర్చుండి భోజనము చేసితిమి.